మడుగుకు మద్ది ఆకు రంగు ఎలా వచ్చింది

ఒకప్పుడు కొండల్లో పారే ఏ వాగులో చూసినా నీళ్ళకు రంగే ఉండేది కాదు. అడుగున ఆవగింజ పడినా ఒడ్డున నిలబడి "అదిగో ఆవగింజ" అని చూపించవచ్చు. నీళ్ళు అంత తేటగా ఉండేవి.

ఆ రోజుల్లో మన్యం కొండల మధ్య ఒక మడుగు ఉండేది. పై నుంచి వాగు వచ్చి అందులో దిగి, కాస్త అలుపు తీర్చుకుని, అవతలి రాతి అంచు మీంచి కిందికి దూకి పోయేది. మడుగు చుట్టూ చెట్లు. నేరేడు, తుమికి, కరక్కాయ చెట్టు, వాటన్నిటికీ పెద్దవాడు ఏరుమద్ది తాత. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నిలబడితే గానీ ఆయనకు తోచదు.

ఇన్ని చెట్లుంటే ఆకులు రాలవా? బ్రహ్మాండంగా రాలేవి. కానీ మడుగులో ఒక్క ఆకు నిలిచేది కాదు. ఎందుకంటే ఆ మడుగును చేపలు ఊడ్చేవి.

నవ్వకండి. నిజంగానే ఊడ్చేవి. రోజూ తెల్లారగానే, చేపలన్నిటికీ పెద్దదైన మీసాల చేప జెల్ల పెద్దమ్మ మడుగు మధ్యలో ఉన్న రాయి దగ్గరికి వచ్చి, "లేవండే, లేవండ్రా! సూర్యుడు కొండెక్కాడు, మీకింకా తెల్లారలేదా!" అని కేకేసేది. చేపలన్నీ వరసగా నిలబడేవి. తోకలు అటూ ఇటూ ఆడిస్తూ అడుగున ఉన్నవాటిని తోసేవి. పైన తేలేవాటిని నోటితో కరుచుకుని లాగేవి. ఆకులు, పుల్లలు, కాయలు, తొక్కలు అన్నీ రాతి అంచు దాకా వెళ్ళి, నీళ్ళతో పాటు కిందికి దూకేవి.

అప్పుడు పెద్దమ్మ మడుగంతా ఒక చుట్టు తిరిగి, ఎక్కడైనా ఒక రెల్లుపుల్ల కనబడితే, "ఇదెవరి వాటా?" అని అడిగేది. ఆ వాటా చేప గబగబా వచ్చి దాన్ని కరుచుకుపోయేది.

చిలకలు వచ్చి ఆ నీళ్ళలో ముక్కులు చూసుకునేవి. "మీ మడుగంత శుభ్రం ఎక్కడా చూడలేదమ్మా" అని పొగిడి పోయేవి. ఆ మాట విన్న రోజున పెద్దమ్మ మరో జానెడు పొడుగు పెరిగినట్టు ఈదేది.

ఆ మడుగులోనే ఒక పరిగె ఉండేది. పరిగె అంటే వేలెడంత చేప. దాని తోక మొదట్లో ఒక నల్ల చుక్క ఉండేది కాబట్టి అందరూ చుక్కమ్మ అని పిలిచేవారు. ఊడ్చే పనిలో చుక్కమ్మ ఎప్పుడూ వెనకబడలేదు. మంచి పిల్ల.

కానీ చుక్కమ్మకు ఒక దుఃఖం ఉండేది.

అది రెండుసార్లు గుడ్లు పెట్టింది. మొదటిసారి పెట్టిన గుడ్లకు తెల్లటి బూజు పట్టింది. దూదిపింజల్లా అయి అన్నీ పాడైపోయాయి. రెండోసారి పిల్లలు బయటికొచ్చాయి. ఈత నేర్చాయి. కాస్త కండ పట్టి, మెరవడం మొదలుపెట్టాయి. అప్పుడు గట్టు మీది కొమ్మ మీద లకుముకి పిట్ట వచ్చి కూర్చుంది.

కింద ఉన్నది ఉత్త ఇసుక. పైన ఉన్నది ఉత్త నీళ్ళు. దాక్కోవడానికి ఏముంది? రోజుకు నాలుగైదు పిల్లలు పోయాయి. చుక్కమ్మ వాటిని కంటికి రెప్పలా కాపాడుకుంది అందామంటే చేపలకు రెప్పలుండవు. రెప్పలు లేవు కాబట్టి, పాపం, ఒక్కోటీ పోవడం కళ్ళు మూసుకోకుండా చూసింది. పదకొండో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

మళ్ళీ వేసవి చివరికొచ్చింది. చుక్కమ్మ కడుపు మళ్ళీ నిండింది. తొలకరి జల్లు పడితే గానీ పరిగెలు గుడ్లు పెట్టవు, అది వాటి పద్ధతి. అంటే జల్లు పడేలోపల ఏదో ఒకటి చెయ్యాలి. ఈసారి కూడా పిల్లలు పోతే తట్టుకోలేనని చుక్కమ్మకు తెలుసు.

ముందు అది తిన్నగా లకుముకి దగ్గరికే వెళ్ళింది. మరీ దగ్గరికి కాదులెండి, ముక్కుకు అందనంత లోతులోంచే అడిగింది.

"అన్నా, ఈసారికి నా పిల్లల్ని వదిలెయ్యవా?"

లకుముకి జాలిగా చూసింది. అది చెడ్డది కాదు. "వదలాలనే ఉంటుందమ్మా. కానీ గట్టు బొరియలో నాకూ నలుగురున్నారు. పొద్దున లేస్తే నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. కనబడ్డదాన్ని పట్టుకెళ్ళకుండా ఎలా ఉండను, చెప్పు?"

"కనబడకపోతే?"

"కనబడకపోతే ఇంకో చోటికి పోతాను. కానీ ఈ మడుగులో కనబడకపోవడమా? మీ పెద్దమ్మ నాకు రోజూ వడ్డించిన విస్తరి పరుస్తోంది కదమ్మా!" అని రెక్కలు దులుపుకుని వెళ్ళిపోయింది.

చుక్కమ్మ మడుగు వైపు చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ కనబడుతున్నాయి. తన నీడ కూడా ఇసుక మీద నల్లగా కనబడుతోంది. మొట్టమొదటిసారి ఆ శుభ్రాన్ని చూసి దానికి భయం వేసింది.

నేరుగా ఏరుమద్ది తాత వేళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నీ ఆకులు కొన్ని ఇవ్వు. వాటి కింద నా పిల్లల్ని దాచుకుంటాను."

"ఇవ్వకేం? రోజూ ఇస్తూనే ఉన్నాను. మీరే గెంటేస్తున్నారు" అన్నాడు తాత. ఆ మాటలో కాస్త నొప్పి ఉంది. "సరేలే. ఒడ్డున ఎండాకులు పడి ఉన్నాయి. గాలి వచ్చినప్పుడల్లా రెండో మూడో జారవిడుస్తాను. ఒక పదిహేను రోజులు ఓపిక పట్టు."

"పదిహేను రోజులా! ఈలోగా వాన పడితే? కొమ్మల నిండా ఇన్ని ఆకులున్నాయి, అవి దులపరాదూ?"

"అవి ఇంకా పచ్చివి తల్లీ. నేను వదిలిన ఆకు వేరు, తెంపిన ఆకు వేరు. తెంపింది నీకు పనికిరాదు."

ముసలాళ్ళు ఇలాగే చాదస్తంగా మాట్లాడతారు అనుకుంది చుక్కమ్మ. ఆకు ఆకేగా! నేరేడు చెట్టు మీద కోతులు కనబడ్డాయి. వాటిని అడిగింది.

"ఓస్, ఇంతేనా! ఆలస్యం అమృతం విషం" అంది పెద్ద కోతి. కోతికి కొమ్మ విరవమని చెప్పడమంటే మీకు సెలవిచ్చామని చెప్పినట్టే. మధ్యాహ్నానికి మడుగు నిండా పచ్చాకులు, లేత కొమ్మలు, పూత, పిందె, చివరికి ఒక పిట్ట గూడు కూడా వచ్చి పడ్డాయి. గూట్లో పిట్ట లేదు, అదొక్కటే అదృష్టం.

చుక్కమ్మ పొంగిపోయింది.

మూడో రోజుకు ఆకులు మెత్తబడి జిగురు కక్కాయి. నీళ్ళు కుళ్ళిన కూరలా కంపు కొట్టాయి. చేపలన్నీ ఊపిరాడక పైకి తేలి, నోళ్ళు బయటపెట్టి ఆవులించడం మొదలుపెట్టాయి. నీళ్ళు కూడా, "అబ్బా, నాకు కడుపులో తిప్పుతోందిరా నాయనా" అని మూలిగాయి.

ఇంక జెల్ల పెద్దమ్మ సంగతి చెప్పాలా! రెండు రోజులు తానే ముందు నిలబడి మడుగంతా ఊడ్పించింది. ఆఖరి రెమ్మ అంచు దాటాక చుక్కమ్మను పిలిపించింది.

"ఏమే, నీకేం తక్కువ చేశానని ఇంత పని చేశావు?"

"పిల్లల కోసం, పెద్దమ్మా..."

"పిల్లలు నీకొక్కదానికేనా! వీళ్ళందరి ప్రాణాలూ నోట్లోకి వచ్చాయి. నీకు చెత్త ఇష్టమైతే ఆ మూల గుంటలో ఉండు. మా మడుగులోకి రాకు."

మూల గుంట అంటే ఏరుమద్ది వేళ్ళ మధ్య ఉన్న చిన్న గుంట. దానికీ మడుగుకూ మధ్య ఒక సన్నటి సందు. ఆ సందులో పెద్ద చేపలు తేలిగ్గా దూరలేవు. చుక్కమ్మ తల వంచుకుని సందు దాటింది. తప్పు తనదేనని దానికి తెలుసు. అందుకే ఏడవడానికి కూడా సిగ్గుపడింది.

కాసేపటికి పై నుంచి తాత గొంతు వినబడింది. "ఏడుపు అయితే చెప్పు. పని ఉంది."

"నామీద కోపం లేదా తాతా?"

"కోపం తెచ్చుకునే వయసు దాటిపోయానమ్మా. గుంటలో కింద ఏముంది?"

"ఇసుక."

"మంచిది. దాని మీద ముందు ఇది వెయ్యి." తాత ఎప్పుడో ఎండిపోయిన ఒక వేరును వదిలాడు. వంకర్లు తిరిగి, సందులు సందులుగా ఉంది. చుక్కమ్మ దాన్ని కిందికి తోసింది. అది పైకి తేలింది. మళ్ళీ తోసింది. మళ్ళీ తేలింది.

"తోయకు. నాననివ్వు" అన్నాడు తాత.

తర్వాత గాలికి రెండు ఎండాకులు జారాయి. పడవల్లా తేలుతూ కూర్చున్నాయి. చుక్కమ్మ ఒక ఆకు కొస కరుచుకుని లోపలికి లాగింది. వదలగానే అది బుడుంగున పైకొచ్చింది.

"తాతా, ఇవి మాట వినవేంటి?"

"వేసవంతా ఎండలో పడి ఉన్నాయి. దాహం తీరేదాకా తాగనివ్వు. కడుపు నిండితే వాటంతటవే కూర్చుంటాయి."

చుక్కమ్మ ఆ రోజు ఆగింది. మర్నాడూ ఆగింది. రోజుకు రెండు ఆకులు, మూడు ఆకులు. ఒకసారి గాలి జోరుగా వీచింది. ఎండాకులు కుప్పగా పడతాయేమోనని చుక్కమ్మే, "చాలు తాతా, ఇవాళ్టికి చాలు! మొన్న ఒకేసారి పడేసి చూశాను కదా" అంది. తాత కొమ్మలన్నీ ఊపి నవ్వాడు.

నాలుగో రోజు పొద్దున్నే వేరు మునిగింది. ఐదో రోజు మొదటి ఆకు మెల్లగా ఒరిగి, అటూ ఇటూ ఊగుతూ దిగి, ఇసుక మీద పడుకుంది. చుక్కమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత కరక్కాయ చెట్టు నాలుగు ఎండుకాయలు రాల్చింది. పై వాగు రాళ్ళ సందుల్లోంచి కొట్టుకొచ్చిన నాచు కొమ్మలను చుక్కమ్మ ఒక్కొక్కటే నోటితో కరుచుకుని ఇసుకలో గుచ్చింది.

"ఇదిగో, ఆ ఆకులన్నీ నా నెత్తిన పెట్టకు. నాక్కాస్త వెలుతురు కావాలి" అంది నాచు.

"అలాగేలేవే" అని చుక్కమ్మ దాన్ని ఎండ పడే వైపు నాటింది. ఆకులను నీడ వైపు వదిలేసింది.

ఆరో రోజు గుంటలోని నీళ్ళు ముఖం చిట్లించాయి. "అబ్బ, వగరు! ఏం కలుపుతున్నావే నాలో?"

"ఏమీ కలపట్లేదు. ఆకులు నానుతున్నాయి."

"నాకు రంగు వస్తోంది చూడు!"

నిజమే. ముందు ఎండుగడ్డి రంగు వచ్చింది. తర్వాత తేనె రంగు. పదో రోజుకు మీ అమ్మ పాలు పోయకముందు గిన్నెలో టీ ఎలా ఉంటుందో అలా అయ్యాయి. చుక్కమ్మ మళ్ళీ పాడుచేశానా అని గట్టిగా వాసన చూసింది. కంపు లేదు. వాన పడ్డ మట్టి దగ్గర వచ్చే వాసన వస్తోంది. ఊపిరి హాయిగా ఆడుతోంది. దగ్గరున్న ఆకు ఈనె కనబడుతోంది. రెండు మూరల అవతల ఏముందో మాత్రం తెలియడం లేదు.

"ఇప్పుడేం చెయ్యను తాతా?"

"ఇప్పుడేమీ చెయ్యకు. అదే కష్టం" అన్నాడు తాత.

ఒడ్డున చీమలు గుడ్లు మోసుకుంటూ మెరకకు పోతున్నాయి. మర్నాడు మధ్యాహ్నం తొలకరి జల్లు పడింది.

చుక్కమ్మ ఒక పెద్ద ఆకు కిందికి దూరి గుడ్లు పెట్టింది. రాత్రీ పగలూ అక్కడే తిరిగింది. బూజు కోసం ఒక్కో గుడ్డూ వెతికింది. ఆ వగరు దగ్గర బూజు నిలవలేదు. రెండో రోజుకు పిల్లలు వచ్చాయి. ఆకుల మీద పట్టిన మెత్తటి పొర ఉంది చూశారూ, ఆ పొరలో కంటికి కనబడనంత చిన్న పురుగులుంటాయి. వాటిని నాకుతూ పిల్లలు పెరిగాయి. కాస్త కండ పట్టాయి. మెరవడం మొదలుపెట్టాయి.

లకుముకి వచ్చి గుంట పైనున్న కొమ్మ మీద కూర్చుంది.

కిందికి చూసింది. ఆకాశం కనబడింది. ఆకాశంలో పొడుగు ముక్కుతో ఒక పిట్ట కనబడింది. "ఎవరబ్బా ఇది, నా చోటికి వచ్చింది!" అని మెడ సాచింది. ఆ పిట్టా మెడ సాచింది. ఎందుకైనా మంచిదని ఒకసారి ధభాలున దూకి, ముక్కుకు గుచ్చుకున్న ఎండాకుతో పైకి లేచింది. దాన్ని విదిలించుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కొండ కిందనున్న పెద్ద ఏటి వైపు ఎగిరిపోయింది. అక్కడ దాని పిల్లలకు కూడా తిండి దొరికిందిలెండి, దిగులుపడకండి.

కానీ ఇంకో గండం మిగిలే ఉంది. గుంటలో రంగు గుంటలో ఊరుకుంటుందా? సందులోంచి సన్నటి ఎర్రటి తీగలా మడుగులోకి పాకింది. ఊడ్చే వరసలో ఒక చేప అది చూసి, "పెద్దమ్మా, మడుగుకు మరక పడింది!" అని అరిచింది.

జెల్ల పెద్దమ్మ పది చేపలను వెంటబెట్టుకుని వచ్చింది. చుక్కమ్మ సందుకు అడ్డంగా నిలబడింది. వేలెడంత చేప, ఎంత అడ్డం నిలబడగలదు?

"తప్పుకో. లోపలున్న చెత్తంతా ఊడ్చేస్తాం. ఒకసారి బుద్ధి రాలేదా నీకు?"

"వచ్చింది పెద్దమ్మా. అప్పుడు పచ్చివి వేసి తప్పు చేశాను. ఇవి చెట్టు వదిలినవి. ఒక్కసారి లోపలికి వచ్చి, ఒక్క ఆకు ఎత్తి చూడు. ఆ తర్వాత కూడా ఊడ్చాలనిపిస్తే నేనే తోక ఆడిస్తాను."

పెద్దమ్మ విసుక్కుంటూనే సందులో తల పెట్టింది. ఒళ్ళంతా గీసుకుంటూ ఎలాగో లోపలికి దూరింది. ముక్కుతో ఒక ఆకు అంచు ఎత్తింది.

ఆకు కింద చిన్న చిన్న కళ్ళు. ముప్ఫై దాకా ఉంటాయి. అన్నీ పెద్దమ్మ వైపే చూస్తున్నాయి.

పెద్దమ్మ ఆకును చప్పుడు కాకుండా దించేసింది.

"మొత్తం ఎంతమంది?" అని అడిగింది.

"తెలీదు పెద్దమ్మా. ఎప్పుడూ అందరూ ఒకేసారి కనబడరు."

"కనబడకపోతే నీకు భయం వెయ్యదా?"

"వేస్తుంది. చాలా వేస్తుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు బయటికి వస్తారు. అందాకా ఓర్చుకుంటాను."

పెద్దమ్మ ఆ ఆకు పక్కనే ఇసుకలో కూలబడింది. "నాకు పుట్టింది తొమ్మిదిమందే చుక్కమ్మా. ఆకు అడ్డముంటే పిల్ల కనబడదు, కనబడని పిల్లను ఎలా కాపాడతావు అని మా అమ్మ చెప్పేది. అందుకే ఊడ్చాను. ఒకడు పోయాడు. ఇంకా బాగా కనబడాలని ఇంకా గట్టిగా ఊడ్చాను. ఇంకొకడు పోయాడు. తొమ్మిదిమంది పోయేదాకా ఊడుస్తూనే ఉన్నాను. నా కంటికి కనబడితే పిట్ట కంటికీ కనబడతారని నాకు తట్టనేలేదే!"

చుక్కమ్మ వెళ్ళి పెద్దమ్మ ఒంటికి ఆనుకుని నిలబడింది.

బయట చేపలు ఎదురుచూస్తున్నాయి. పెద్దమ్మ సందులోంచి బయటికి రాగానే, "మొదలుపెట్టమంటావా పెద్దమ్మా?" అని అడిగాయి.

అదే సమయానికి గాలి వీచి మడుగు మధ్యలో ఒక ఎండాకు పడింది. తేలుతూ తేలుతూ రాతి అంచు వైపు పోతోంది. చేపలన్నీ అలవాటుగా తోకలు ఎత్తాయి. పెద్దమ్మ వాటి మధ్యలోంచి దూసుకుపోయింది. ఇంకా జానెడు దూరంలో అంచు ఉందనగా ఆకు కాడను కరుచుకుంది. మెల్లగా మడుగు మధ్యకు లాక్కొచ్చింది.

"అది తేలుతోంది పెద్దమ్మా" అంది ఒక చేప, ఏమీ అర్థం కాక.

"తేలనీ. నాననీ. ఎవరూ ముట్టుకోకండి" అంది పెద్దమ్మ.

మర్నాడు తెల్లారితే కేక వినబడలేదు. చేపలు అలవాటు ప్రకారం లేచి వరసగా నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మెల్లగా వరస విడిపోయి, తలో ఆకు కిందికీ పోయి చూశాయి. చల్లగా, నీడగా, హాయిగా ఉంది. పై వాగు చేపలు వచ్చి చూశాయి. కింది వాగు చేపలు తమ దాకా పారొచ్చిన ఎర్రటి నీళ్ళు చూసి, ఏమిటని అడగడానికి వచ్చాయి. అందరికీ చుక్కమ్మే చెప్పింది. పచ్చివి వద్దు, ఒకేసారి వద్దు, తొందర అసలే వద్దు అని.

మరుసటి తొలకరికి జెల్ల పెద్దమ్మకు పదకొండుమంది పుట్టారు. వాళ్ళు ఆకుల కిందికి వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ పైకి ఏమీ అనేది కాదు. సాయంత్రం అయ్యేదాకా ఆ ఆకుల పక్కనే పడుకుని ఉండేది. సాయంత్రం పదకొండుమందీ వచ్చేవారు.

అప్పటినుంచే అడవిలో చెట్ల కింద ఆగిన నీళ్ళకు టీ రంగు వచ్చింది. అప్పటినుంచే మడుగు చేపలు ఆకులను ఊడ్చడం మానేసి, వాటి చాటున పిల్లల్ని పెంచుకుంటున్నాయి. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే ఆ నీళ్ళు చూసి మురికి అనకండి. వంగి చూస్తే మీకు మీ మొహం తప్ప ఏమీ కనబడదు. కింద ఎంతమంది పిల్లలున్నారో వాళ్ళ అమ్మలకే సాయంత్రం దాకా తెలియదు.